మెరుగు పెట్టని జాలీ

మీటరు ముల్లు లేచింది, కాసేపు నిలబడింది, అందరూ చూస్తుండగానే మెల్లగా దిగిపోయింది. ఇప్పటికీ ఎక్కడైనా స్పిరిటు వాసన తగిలితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ ముల్లే. ఆ తరువాత, దాని పక్కన తల దించకుండా నిలబడిన సుగుణమ్మ గారు.

పందొమ్మిది వందల అరవైలలో ఆమె బందరులో కెమిస్ట్రీ లెక్చరరు. పామిడిముక్కల దగ్గర పల్లెలో, పొలం పనులు చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. నేను ఒక దినపత్రికలో కొత్తగా చేరిన విలేకరిని. మిథనాల్ అనే స్పిరిటును మండించకుండా, కాస్టిక్ ద్రావణంలో ఆక్సీకరణం చేసి నేరుగా కరెంటు తీయాలని ఆమె పట్టుదల. ఆ చర్య చురుగ్గా సాగాలంటే నికెల్ తీగలతో అల్లిన జాలీకి ప్లాటినం పూత ఉండాలి. తన ముందు కరెంటు చూపించలేకపోతే ల్యాబులో ఆమె బల్ల ఖాళీ చేయాలని ప్రిన్సిపాల్ గారు ముందే చెప్పారు.

పూత కోసం చిలకలపూడి వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. రోల్డుగోల్డు గాజులకు పూత వేసే వీరాచారి జాలీకి ప్లాటినం పట్టించి, అలవాటు కొద్దీ మెరుగు కూడా పెట్టి, మురిపెంగా చేతికిచ్చాడు.

“ఎంత పని చేశావు బాబాయ్! నల్లగా, గరుగ్గా కావాలన్నాను కదా.”

“నల్లటి సరుకు నా గడప దాటితే ఊరంతా నవ్వదా అమ్మా?”

“నవ్వనీ. గరుగ్గా ఉంటేనే ఇంధనం అంటుకోడానికి చోటెక్కువ. మళ్ళీ వెయ్యి.”

గొణుగుతూనే వేశాడు. మసి పట్టినట్టున్న జాలీని గుడ్డలో చుట్టి, “నేను వేశానని మాత్రం ఎవరికీ చెప్పకు తల్లీ” అన్నాడు.

పరీక్ష రోజున ప్రిన్సిపాల్ గారు, “స్పిరిటు దీపానికి వత్తి చాలదామ్మా?” అని నవ్వారు.

“వత్తి మంటనిస్తుందండీ. నాకు కావలసింది కరెంటు.”

ఆమె జాలీని ద్రావణంలో దించి మీటరు కలిపారు. ముల్లు లేచినప్పుడు ఆ నవ్వు ఆగింది. దిగగానే మళ్ళీ మొదలైంది. “ఇక చాలించి బల్ల ఖాళీ చేయండి” అన్నారాయన.

“లేచిందండీ, మీరూ చూశారు. ఎందుకు పడిందో తేలేదాకా ఖాళీ చేయను. కాదంటే బల్లతో పాటు నన్నూ మోయించండి.”

ఎవరూ మోయించలేదు.

బయటికి వచ్చాక, “ఏం రాస్తారు?” అని అడిగారు నన్ను సుగుణమ్మ గారు.

“విజయం సాధించారనండీ.”

“వద్దు. లేచిందని రాయండి, పడిందనీ రాయండి. రెండూ రాయలేకపోతే అసలు రాయకండి.”

రెండూ రాశాను. డెస్కువాళ్ళు రెండోది కొట్టేయబోతే వార్తే వెనక్కి తీసుకున్నాను. ఆ మొండితనం వల్ల తరువాత చాలామందికి చేదయ్యాను. వదులుకోవాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

మిథనాల్ పూర్తిగా మారకముందే ఏర్పడే పదార్థమేదో పొరలా ప్లాటినాన్ని కప్పేస్తోందని, అందుకే ముల్లు దిగిపోయిందని ఆమె అనుమానం. ఏళ్ళ తరబడి పూతలు మార్చి చూశారు. ఆ పొర పట్టనివ్వని పూత, ఆమె రిటైరయ్యేనాటికి దొరకలేదు.