పత్తిచేలో జంట ఫోటో

మొన్న అద్దంకి సెంటర్లో టీ తాగుతుంటే చొక్కా చేతి మీద ఏదో పాకినట్టయింది. పక్కనే పత్తి కుక్కిన గోనె బోరేల లోడుతో ట్రాలీ ఆగి ఉంది. దులపబోయి చూశాను. ఎర్రటి ఒళ్ళు, వీపు మీద నల్ల మచ్చలు, సన్నటి నల్లని కాళ్ళు. కాయ పగిలాక గింజలోని రసం కోసం పత్తి మీద చేరే పురుగు. కాస్త నొక్కితే చాలు, ఘాటైన వాసన వదులుతుంది. అది వేలికి అంటిందంటే సబ్బుకి కూడా ఓ పట్టాన లొంగదు. నేను నొక్కలేదు, దులపలేదు. అది మోచేతి దాకా ఎక్కి, అక్కడ దారి నచ్చనట్టు ఆగి, వెనక్కి తిరిగింది. టీకొట్టాయన చూసి, "ఏంది కోటీ, చుట్టమా?" అన్నాడు. "మా సార్ తరపు చుట్టం" అన్నాను.

మా సార్ అంటే ఇమ్మానుయేలు గారు. అద్దంకిలో ఫోటో స్టూడియో నడిపేవారు. లెక్కలకీ నాకూ పడక తొమ్మిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి నేను. కొన్నేళ్ళు మిరపకాయల టిక్కీలు, అదే బస్తాలు, వేసుకుని ఆటో తోలి, పెళ్ళయ్యాక ఆయన దగ్గర వీడియో పనికి చేరాను. కెమెరా తెలుసని నన్ను తీసుకోలేదు, నోరుందని తీసుకున్నారు. పెళ్ళిలో గ్రూప్ ఫోటోకి నిలబడ్డ చుట్టాల్లో సగంమంది మిగతా సగం మీద అలిగి ఉంటారు. "బాబాయిగారూ, కొత్త పళ్ళు కట్టించుకుని దాచిపెడితే ఎట్టాగండీ" అని ఒక మాట వదిలితే వరసంతా నవ్వేది. ఆ క్షణంలో సార్ నొక్కేవారు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషే అయినా, జీలకర్రబెల్లం ఎప్పుడో, సూత్రధారణ ఎప్పుడో ఆయనకి పురోహితుల కంటే ముందే తెలిసేది. ఎవరైనా తొందరలో ఒక మంత్రం మింగేస్తే, కెమెరా దించి ఒకసారి అటు చూసేవారు. పాపం, ఆ పంతులుగారు మళ్ళీ మొదలుపెట్టేవారు.

మా వృత్తిలో అందరం చేసే పని ఒకటి ఆయన చేసేవారు కాదు. తాళి కట్టేటప్పుడు మేనమామ భుజం అడ్డమొచ్చో, అక్షింతలు కురిసో ఫోటో పోతుంది. అప్పుడు "బాబూ, ఇంకోసారి కట్టినట్టు పట్టుకో" అంటాం. పెళ్ళికొడుకులు కూడా అలవాటు పడిపోయి, అడక్కముందే సూత్రం పట్టుకుని మావైపు చూస్తుంటారు. సార్ ఎన్నడూ అడగలేదు.

"జరిగింది తియ్యాలిరా. జరిగినట్టు తియ్యకూడదు."

"అందరూ తీస్తన్నారు గదా సార్."

"అందరూ తీస్తుంటే ఇంక మనమెందుకు, ఇంటికి పోయి పడుకోక?"

తర్వాత ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసు దగ్గర కనిపెట్టాను. "ఏంది సార్, గ్లాసుకి చలేస్తందా?" అని వేళాకోళం చేశాను. ఆయనా నవ్వారు. ఒంగోల్లో డాక్టరు మాత్రం నవ్వలేదు. మందులు రాసిచ్చి, ఇది పూర్తిగా తగ్గేది కాదని చెప్పాడట. ఆ సంగతి మాకు చెప్పకుండా సార్ పెళ్ళిళ్ళకి వస్తూనే ఉన్నారు.

వినుకొండ దగ్గరి పల్లెలో ఒక పెళ్ళి. తాళి కట్టడం అయిపోయింది. సార్ కెమెరా వెనక తెర మీద చూసుకుంటున్నారు. నేను భుజం మీంచి తొంగిచూశాను. ఒక్క ఫోటో నిలబడలేదు, అన్నీ చెదిరిపోయాయి. "సార్, ఇంకా పీటల మీదే ఉన్నారు. మళ్ళీ పట్టుకోమందాం" అని చెవిలో చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, నేరుగా పెళ్ళికూతురి తండ్రి దగ్గరికి వెళ్ళారు.

"తాళి ఫోటో రాలేదండి. నా చెయ్యి వణికింది. వీడియోలో ఉంది గానీ, ఫోటో లేదు."

ఆ పెద్దాయన కోప్పడలేదు. "భోంచేసి వెళ్ళండి" అన్నాడు. తిరిగొస్తుంటే కారులో సార్ కెమెరా తీసి నా ఒళ్ళో పెట్టారు. "ఇక పెళ్ళిళ్ళు నువ్వు చూసుకో కోటీ." దారంతా వెతుక్కున్నాను గానీ నాకు ఒక్క జోకూ దొరకలేదు.

కెమెరా నాకిచ్చినా ఒక లెన్సు మాత్రం ఇవ్వలేదు. ఉంగరాలు, నగలు దగ్గరగా తీయడానికి కొన్న లెన్సు అది. పాత కెమెరాకి దాన్ని తగిలించుకుని స్టూడియోలో చీమల్ని, సాలీళ్ళని తీయడానికి తంటాలు పడేవారు. తీరా చూస్తే అన్నీ మసకే. ఒకరోజు ఊరిచివర అంజమ్మత్త చేలో ఈ పురుగుల్ని చూసి, నాకు కబురు పెట్టారు. పత్తితీత చివరికొచ్చింది. పగిలిన ప్రతి కాయ మీదా గుంపులు గుంపులుగా ఉన్నాయి. రెక్కలు రాని పిల్లలు పండుమిరపకాయ రంగులో మెరుస్తున్నాయి. పెద్దవాటిలో చాలా వరకు జంటలు. వెనకభాగాలు అతుక్కుని, ముఖాలు చెరోవైపు పెట్టి నడుస్తుంటాయి. పెద్దది ఆడది, ఎటు లాగితే అటు రెండోది వెనక్కి నడవాల్సిందే.

"మా ఇంట్లోనూ ఇంతే సార్. ఊరికే చేను దాకా వచ్చాం" అన్నాను.

"ఈ జంటని తియ్యాలి కోటీ. ఒక్కటి చాలు. నా చేత్తో."

ఆయనకి అక్కడ ఇంకేదో నిరూపించుకోవాలని ఉందనుకోను. నలభై ఏళ్ళు చేసిన పని ఆ వినుకొండ పెళ్ళితో ఆగిపోకూడదు, అంతే. కానీ దగ్గరి లెన్సుతో చిక్కు ఉంది. చెయ్యి వెంట్రుకవాసి కదిలినా పురుగు కన్ను మసకైపోయి, దాని కాలు స్పష్టంగా వస్తుంది. స్టాండు వేద్దామంటే, అది సర్దుకునేలోగా జంట మరో చెట్టెక్కేసేది. నేను నొక్కుతానంటే ఊరుకోరు. ఒకరోజు నేను స్టూడియోలోని నీలం పరదా పట్టుకెళ్ళి, ఫోటోకి వెనక అందంగా ఉంటుందని మొక్కల మధ్య కట్టాను. పురుగులన్నీ టపటపా రాలి ఆకుల కింద దూరాయి. సార్ నడుమ్మీద చెయ్యేసుకుని, "వాళ్ళింటికొచ్చి మనం మంటపం వెయ్యడమేందిరా?" అన్నారు.

అంజమ్మత్తకి మేమంటే మంచి కాలక్షేపం. "ఏం అల్లుడూ, మనుషుల్లో పెళ్ళిళ్ళు అయిపోయినయ్యా?" అని గట్టు మీంచి కేకేసేది. ఒకరోజు మాత్రం నవ్వకుండా చెప్పింది. "రేపు గొర్రెల్ని తోలిస్తన్నా సారూ. ఆ మర్నాడు ట్రాక్టరొచ్చి పత్తికట్టె కొట్టేస్తది." పత్తి అయిపోయాక గొర్రెల్ని తోలడం ఇక్కడ మామూలే. ఆకు వాటికి, ఎరువు చేనుకి. చుట్టూ చేలన్నీ అప్పటికే దున్నేశారు. మళ్ళీ ఈ పురుగులు కనపడాలంటే వచ్చే పంట దాకా ఆగాలి. అప్పటికి ఆ చెయ్యి ఎలా ఉంటుందో మేమిద్దరం పైకి అనలేదు, కానీ ఇద్దరికీ తెలుసు.

మర్నాడు సార్ ఒక ఖాళీ గోతంలో సగం దాకా మట్టి నింపమన్నారు. దాన్ని సాళ్ళ మధ్య పరిచి, కెమెరా దాంట్లోకి దిగబడేలా నొక్కి, తాను బోర్లా పడుకున్నారు. ముందు రాలిన కాయ డొప్ప ఒకటుంది. లెన్సుని దాని అంచు మీద సరిచేసి, "ఇక్కడికొస్తే తీస్తా. రాకపోతే లేదు" అన్నారు. తెల్లచొక్కా, నల్లమట్టి, గడ్డం నేలకి ఆనించిన స్టూడియో యజమాని. నాకు బోలెడు మాటలు నోటిదాకా వచ్చాయి. అన్నీ మింగేశాను.

ఎండ నెత్తికెక్కింది. ఎన్నో జంటలు ఆ పక్కగా వెళ్ళాయి గానీ డొప్ప ఎక్కలేదు. అప్పుడు ఆకు కింద నుంచి ఒక జంట బయటికొచ్చి అటే నడవసాగింది. సరిగ్గా అదే సమయానికి చేను అవతలి చివర గొర్రెల అరుపులు వినపడ్డాయి. జంట దారి మధ్యలో ఆగిపోయింది. నేను పుల్ల తీసుకుని మెల్లగా చెయ్యి చాచాను.

"చెయ్యి తియ్యి" అన్నారు సార్, తల కదపకుండా.

"గొర్రెలొచ్చేస్తన్నాయి సార్. కాస్త ఇటు నెడితే..."

"తియ్యమన్నానా."

తీశాను. అంజమ్మత్త కొంగు బిగించి, రెండు చేతులూ బారచాపి గొర్రెలకి ఎదురు పరిగెత్తింది. "ఒరేయ్, ఆపరా మందని! ఇక్కడ ముహూర్తం నడుస్తంది!"

"ఎవురిదే పిన్నీ?" అన్నాడు గొర్రెలాయన బిత్తరపోయి.

"పురుగులదిరా! నోరు మూసుకో!"

గొర్రెలు గుంపుగా నిలబడి మమ్మల్నే చూశాయి. ఆడపురుగు మీసాలు ఆడించింది. రెండడుగులు వేసింది. డొప్ప అంచు ఎక్కింది. సార్ చూపుడువేలు మీట మీద గాలిలో వణుకుతోంది. దాన్ని ఆపడానికి ఆయన ప్రయత్నించలేదు. ఊరికే కిందికి దించారు. మిగతాది వణుకే చేసింది. టక టక టకమని కెమెరా నొక్కుకుంటూ పోయింది. గోతం మాత్రం కదల్లేదు.

ముగ్గురం తెర మీదికి వంగి చూశాం. ఆడపురుగు కన్ను నల్లపూసలా నిగనిగలాడుతోంది. వెనక ఎర్రటి మసక.

"పెళ్ళికూతురు చక్కంగా ఉంది. మరి పెళ్ళికొడుకేడి సారూ?" అంది అంజమ్మత్త.

"పెళ్ళి ఫోటోల్లో వాడెప్పుడూ అంతేగా అమ్మా" అన్నారు సార్. మట్టిలో కూర్చుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నేను చెయ్యిచ్చి లేపుతూ, "ఇంకోటి తీద్దామా సార్, ఇద్దరూ పడేట్టు?" అని అడిగాను.

"ఒకటి వచ్చింది గదరా. గొర్రెల్ని రానీ."

సార్ పోయి కొంతకాలమైంది. స్టూడియో నేనే నడుపుతున్నాను. తాళి ఫోటో పోతే మళ్ళీ పట్టుకోమని ఎవరినీ అడగలేదని చెప్పాలనుంది గానీ, అది అబద్ధం. ఒకటి రెండుసార్లు అడిగాను. ఆయనంత మొండితనం నాకు లేదు. కానీ ఆ సాళ్ళ మధ్య కూర్చున్నప్పటి నుంచి, పని మధ్యలో నోరు మూసుకోవడం మాత్రం వచ్చింది.

ఈ మధ్య చీరాలలో ఒక పెళ్ళి. పెళ్ళికూతురు ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉంది. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, "అమ్మాయిని కాస్త నవ్వించు బాబూ. నువ్వు భలే మాట్లాడతావంట గదా" అంది. సరేనన్నాను. మోచేతులు ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వీపుకి ఆనించి, లెన్సు ఆ అమ్మాయి కళ్ళ మీద సరిచేసుకుని, ఏమీ అనకుండా ఉన్నాను. ఆమె కాసేపు గుమ్మం వైపు చూసింది. కాసేపు గోరింటాకు చూసుకుంది. తర్వాత తలెత్తి నావైపు చూసింది. నవ్వలేదు. నొక్కాను.