గొడుగు చువ్వల మీద వచ్చిన గొంతు

“గొడుగు దించీసేరా అమ్మీ?”

“దించలేదే నాయనమ్మా. ఉంది.”

మా నాయనమ్మా నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. ఈ జవాబు చెప్పడానికి ఆమె చెవిలో నోరు పెట్టి అరవాల్సి వచ్చింది. పక్క క్వార్టరు వాళ్ళు కూడా విన్నారు. వింటే విన్నారు. ఆ గొడుగు ఇప్పటికీ నా ఇంటి డాబా మీదే ఉంది. గుడ్డ లేదు, పిడి లేదు, కిందికి వాలిన ఒట్టి చువ్వలు, వాటి పైన నిలువుగా ఇంకొక చువ్వ. తొలకరి చినుకు పడగానే తడిసిన ఇనుము వాసన, పాత మైనం వాసన కలిసి మెట్ల మీంచి దిగి నా మంచం దాకా వస్తాయి. మొన్న నా కొడుకు డాబాకి రంగు వేయిస్తూ ఆ తుప్పు దించేద్దామన్నాడు. పనివాడు నిచ్చెన కూడా వేశాడు. నేను నిచ్చెన కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. భోజనానికి పిలిచినా లేవలేదు. చివరికి పనివాడే నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఎందుకు దించనివ్వనో చెప్తే రాసి పెడతానని నా మేనకోడలు రూతు, అంటే మా చిన్నాన్న కొడుకు కూతురు, కాగితాలు తెచ్చుకుని కూర్చుంది కనుక చెప్తున్నాను. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు పోల్చుకోవడం తప్ప రాత రాదు.

నా చిన్నప్పుడు మేముండేది కోరాపుట్ కొండల మీద, సెమిలిగుడకి దగ్గర్లో, ఒక ఫ్యాక్టరీ కాలనీలో. మా నాన్న బొబ్బిలి వైపు నుంచి వచ్చి అందులో ఫిట్టరుగా చేరాడు. ఆషాఢంలో పట్టిన వాన దసరా దాకా విడిచేది కాదు, మబ్బు కిటికీలోంచి వంటింట్లోకి వచ్చి ఉప్పు జాడీ మీద కూర్చునేది, బట్టలు ఆరక కుంపటి మీద బుట్ట బోర్లించి దాని మీద పరిచేవాళ్ళం, అందుకని కాలనీ పిల్లలందరి ఒంటి మీదా ఒకటే పొగ వాసన. పొద్దున్నే వేడి చోడంబలి, అంటే రాగి అంబలి, సంత రోజున కొండ మీంచి దేశియా తెగ ఆడవాళ్ళు తెచ్చే వెదురు కొమ్ముల కూర, రథయాత్రకి పక్కింటి ఒడియా వాళ్ళు నిప్పుల మీద కాల్చి పంపే పోడపిఠా రొట్టె, దాని అడుగున మాడిన బెల్లం పెచ్చు కోసం నాకూ మా చిన్నాన్నకీ కొట్లాట. మీసాలొచ్చిన మనిషి నాతో సమానంగా కొట్లాడేవాడు.

చిన్నాన్న పేరు సింహాచలం. విశాఖపట్నంలో వైర్‌లెస్ పని నేర్చుకున్నాడు. ఒక బిస్కెట్ల డబ్బాలో ఏవేవో అతికించి, విమానాల వాళ్ళు మాట్లాడుకునే మాటలు పట్టే సెట్టు తయారు చేశాడు. పాటల రేడియో ఊళ్ళో చాలామందికి ఉండేది గాని ఇలాంటిది మా ఇంట్లోనే ఉండేది. అతనికొక అలవాటు, ఏ మాట మొదలుపెట్టినా ముందు గొంతు సవరించుకుని ఒక చిన్న దగ్గు దగ్గేవాడు. పెరట్లో తీగ కడుతుంటే నేను పట్టుకుని నిలబడేదాన్ని.

“గొంతు ఎలాగొస్తాది చిన్నాన్నా?”

“తిన్నగా వస్తాదమ్మీ. కొండడ్డొస్తే సుట్టు తిరిగి రాదు. మీ నాన్నలాగ మొండిది.”

ఆకాశంలో విమానం తిరుగుతుంటే దాని గొంతు ఎవరికైనా వినపడుతుందనీ, కింద టవరులో కూర్చుని విమానానికి దారి చెప్పేవాడి గొంతు పట్టడమే కష్టమనీ, దానికి తీగ అడ్డంగా కాదు, నిలువుగా ఉండాలనీ, ఇంటి రేకులకి ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిదనీ చెప్పేవాడు. తీగ పొడవు కొలవడానికి తన గొడుగు చువ్వని పక్కన పెట్టి చూసుకునేవాడు. ఆ తీగ సరిగ్గా చువ్వంత ఉండాలట.

ఆ చిన్నాన్న రాయగడ ఆస్పత్రిలో నర్సుగా ఉన్న ఒక కిరస్తానీ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. చేసుకుని వచ్చి చెప్పాడు. మా నాన్న అరవలేదు. అతని బట్టలు సంచిలో పెట్టి గుమ్మం బయట ఉంచాడు, అంతే. ఆ రోజు ఎండ కాసింది. వానల నెలలో మా కొండల మీద ఎండ కాయడమే వింత. అందుకే గొడుగు మేకుకి ఉండిపోయింది, సెట్టు గూట్లో ఉండిపోయింది. చిన్నాన్న మలుపు తిరిగేదాకా నాయనమ్మ అరుగు మీద నిలబడింది. అప్పుడు మా నాన్న ఆమె చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు.

“ఆడి మొకం సూసేవంటే నాను సచ్చినంత ఒట్టే అమ్మా.”

కన్నకొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు ఏ తల్లి తప్పుతుంది? ఘాటీ రోడ్డు ఎక్కి వచ్చే ఒక లారీ డ్రైవరు కొన్నాళ్ళకి కబురు చెప్పాడు. కొండ దిగువన చిన్న విమానాలు దిగే మైదానం ఒకటి ఉంది, అక్కడి అద్దాల గది టవరులో మీవాడు మాట్లాడే ఉద్యోగం చేస్తున్నాడు, అని. నాయనమ్మ అతనికి చోడంబలి పోసి, ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. గట్టిగా చెప్పమంది. అప్పుడే నాకు తెలిసింది, ఆమె చెవులు తగ్గుతున్నాయని. వెనక ఆమె మంచం మీంచే రాయగడ బస్సు వేరు, జయపురం బస్సు వేరు అని మోత బట్టి చెప్పేది. ఇప్పుడు అమ్మ పక్కన నిలబడి పిలిచినా “ఏటి?” అంటోంది.

ఒకరోజు పప్పు ఏరుతూ ఏరుతూ చేట పక్కన పెట్టింది.

“అమ్మీ, మీ నాన్న మొకం సూడొద్దన్నాడు. అవునా?”

“అవును.”

“ఇనొద్దనలేదు కదా.”

“అనలేదు.”

“మరయితే ఆ డబ్బా దించు. ఈ సెవులు పూర్తిగా పోకముందే ఆడి గొంతు ఇనాల నాను.”

మా అమ్మ వంటింట్లోంచి అంతా విని, విననట్టు తలుపు దగ్గరకి వేసుకుంది.

మొదట తీగని బట్టలారేసే దండేనికే కట్టాను. గరగర తప్ప ఏమీ లేదు. నిలువుగా చూరుకి కట్టాను. ఫ్యాక్టరీ పెద్ద దొరలని తెచ్చే చిన్న విమానం వారానికోసారి మా నెత్తి మీంచి పోయేది. దాని మోతతో పాటే సెట్టులో ఒక మగ గొంతు ఇంగ్లీషులో గలగలలాడింది. నేను గెంతాను. నాయనమ్మ చెవి ఆనించి విని మొహం చిట్లించింది.

“ఈడెవడే? ఈడు నా కొడుకు కాదు.”

ఆ గొంతు కాసేపు మాట్లాడేది, ఆగేది, మళ్ళీ ఎవరికో జవాబిచ్చేది. ఆ ఆగిన చోట మా చిన్నాన్న మాట్లాడుతున్నాడు. విమానం ఆకాశంలో ఉంది గనక దాని గొంతు వస్తోంది, టవరు కొండ అవతల ఉంది గనక చిన్నాన్న మాట కొండకి తగిలి అక్కడే ఆగిపోతోంది. అది అర్థమయ్యాక నాయనమ్మకి ఆ విమానం వాడి మీద పగ పట్టుకుంది. “ఒకటే వాగుడు. ఆడిని మాటాడనీడు ఎదవ,” అని సెట్టుని తిట్టేది.

మా పెరటి చివర, నీళ్ళ తొట్టె దగ్గర నిలబడి పడమటికి చూస్తే రెండు కొండల మధ్య ఒక సందు కనిపించేది. గొంతు తిన్నగా రావాలంటే ఆ సందులోంచే రావాలి. అక్కడ ఎత్తుగా ఏదైనా పాతాలి. చిన్నాన్న చెప్పింది గుర్తు చేసుకుని, నిలువు తీగ కింద గొడుగులాగ మరి కొన్ని చువ్వలు వాలి ఉంటే ఇంకా బాగా పడుతుందట నాయనమ్మా, అన్నాను.

“గొడుగులాగెందుకే? గొడుగే ఉందిగా.”

బయట కుండపోత. ఇంట్లో మంచి గొడుగు అదొక్కటే. నాయనమ్మ కత్తిపీట ముందు కూర్చుని దాని గుడ్డ కోసి పారేసింది, కోసిన గుడ్డని తలకి చుట్టుకుంది. ఒక చువ్వ ఊడదీసి పైకి నిలబెట్టాం, అది కింది చువ్వలకి తగలకుండా మధ్యలో విరిగిన పింగాణీ గిన్నె ముక్క పెట్టి బిగించాం. చిన్నాన్న వదిలి వెళ్ళిన వైరుంది, లోపల ఒక తీగ, దాని చుట్టూ జల్లెడలా అల్లిన ఇంకొక తీగ. లోపలిది పై చువ్వకి, జల్లెడ కింది చువ్వలకి. సంతలో కొన్న పొడుగాటి వెదురు బొంగు చివర దాన్ని కట్టి, తొట్టె పక్కన పాతాం. కాలనీ అంతా నవ్వింది. వానాకాలంలో గొడుగు తోలు వలిచి ఊరేగించిన ముసలమ్మ అన్నారు.

నాన్న డ్యూటీ దిగి వచ్చి చూశాడు.

“ఈ తీగలేటి, ఈ బొంగేటి? పేక్టరీలో ఎవడైనా సూస్తే దొంగ వైర్‌లెస్సని నా ఉద్యోగం పీకేస్తారు. దించండి.”

“దించు. నాను కూడా దాంతోపాటే బైట ఉంటాను.”

ఆయన బొంగు పీకి పెరట్లో పడేశాడు. నాయనమ్మ వెళ్ళి ఆ బొంగు పక్కనే పీట వేసుకుని వానలో కూర్చుంది. గొడుగు గుడ్డ తలకి చుట్టుకుని, చేతులు ముడుచుకుని. వరసలో ఉన్న క్వార్టర్ల వాళ్ళంతా కిటికీలు తీశారు. మా అమ్మ వెళ్ళి బతిమాలింది, లేవలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాన్న గుమ్మంలో నిలబడి చూసి చూసి, చెప్పులు తొడుక్కుని ఎటో వెళ్ళిపోయాడు. ఆయన వచ్చేసరికి బొంగు మళ్ళీ నిలబడి ఉంది. మళ్ళీ దాని జోలికి రాలేదు, దాని గురించి మాట్లాడలేదు కూడా.

ఆయన భయం ఉత్తిది కాదు. ఒక గార్డు నిజంగానే వచ్చాడు. ఇదేమిటి ముసలమ్మా అని హిందీలో అడిగాడు.

“కోతులకి నాయినా. బందర్, బందర్.”

“దీనికి కోతులు భయపడతాయా?”

నేను తెలుగులో చెప్పాను. నాయనమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

“నువ్వు బయపడి రాలేదా?”

ఈ మాట నేను హిందీలో చెప్పలేదు. అతను కోతుల గోల తన క్వార్టరు దగ్గరా ఉందని చెప్పి వెళ్ళిపోయాడు.

అయినా గొంతు రాలేదు. గరగర మధ్య ఎవరో నీళ్ళలోంచి మాట్లాడినట్టు వచ్చి పోయేది. బొంగు దించి చూస్తే వైరు అతుకులోకి వాన నీళ్ళు దిగి పచ్చగా చిలుము పట్టింది. చిలుము గీకి, సంతలో దేశియా ఆమె దగ్గర తేనెమైనం కొని, కరగబెట్టి అతుకు మీద వేలితో మెత్తాను. వేలు కాలింది. మైనం కాలిన వాసన ఇల్లంతా కమ్మింది. బొంగుకి ఇంకొక బొంగు జోడించి, పైకి లేపి, సందుకి ఎదురుగా తిప్పి నిలబెట్టాం.

ఆ వారం విమానం వచ్చింది. గలగల గొంతు ఏదో అడిగి ఆగింది. ఆ ఆగిన చోట ఒక చిన్న దగ్గు. తర్వాత నిదానంగా, ఒక్కొక్క మాటా పెట్టి, మా చిన్నాన్న ఇంగ్లీషు.

నాయనమ్మ సెట్టుని ఒళ్ళోకి లాక్కుని చెవికి అదుముకుంది. ఆమెకి ఇంగ్లీషు రాదు, నాకూ రాదు. విమానం దిగిపోయి, మాటలన్నీ అయిపోయి, ఉత్త గరగర మిగిలాక కూడా అలాగే ఉంది. తర్వాత తలెత్తింది.

“జలుబు సేసిందే ఆడికి.”

ఏడవలేదు. లేచి సొంటి, మిరియాలు దంచి, బెల్లంతో ఉండలు కట్టి, లారీ డ్రైవరు కోసం రోడ్డు మీదకి నన్ను బేగి పరుగెత్తమంది. ఎవరు పంపారో చెప్పొద్దంది.

ఆ తర్వాత ప్రతి వారం అదే పండగ. చలి వచ్చింది, పొద్దుతిరుగుడు రంగు వలిసెల పూలు కొండలంతా పూశాయి, పనసకాయలు వచ్చాయి, మళ్ళీ వానలు వచ్చాయి. నాయనమ్మ చెవులు పూర్తిగా పోయాయి. అప్పుడు కూడా మానలేదు. నేను సెట్టు దగ్గర విని, ఆ ఇంగ్లీషు మాటల్ని తప్పో ఒప్పో విన్నది విన్నట్టు ఆమె చెవిలో అరిచేదాన్ని. ముందు దగ్గి, తర్వాత అరిచేదాన్ని. “విండ్ కామ్” అంటే “సరే నాయినా” అనేది. “క్లియర్ టు ల్యాండ్” అంటే “అలాగే. అన్నం తిన్నావా?” అనేది. నా ఇంగ్లీషు చదువు మొత్తం అదే.

ఒట్టు ఆమె తప్పలేదు. కన్ను మూసేదాకా చిన్నాన్న మొహం చూడలేదు. ఆమె పోయాక అతను వచ్చాడు, భార్యని కూడా తెచ్చాడు. పెరట్లో బొంగు చివర చువ్వలు చూసి, “సొంటుండలు ఇక్కడివా?” అని నన్ను అడిగాడు. మా నాన్న అతనితో మాట్లాడలేదు. పాడె ఎత్తేటప్పుడు చిన్నాన్న గొంతు సవరించుకుని దగ్గాడు. నాన్న తల తిప్పి చూశాడు. అంతే.

కర్మలయ్యాక నాన్న ఆ బొంగు దగ్గరకి నడిచాడు. నేను వెళ్ళి పీట వేసుకుని కూర్చున్నాను. ఆయన వెనక్కి తిరిగాడు.

మునిగుడ రైల్వేలో పనిచేసే ఆయనతో నా పెళ్ళయింది. సారెతో పాటు గొడుగు చువ్వలు తెచ్చిన పెళ్ళికూతురు ఇంకెక్కడా లేదని నవ్వేవాడు, నవ్వుతూనే ఏ క్వార్టరుకి మారినా ముందు దాన్నే కప్పు మీద కట్టేవాడు. ఆయన పోయాడు. చిన్నాన్న పోయాడు. బిస్కెట్ల డబ్బా ఎప్పుడో నోరు మూసింది. కొండ దిగువ టవరుకి అద్దాలు లేవట, మైదానంలో ఆవులు మేస్తున్నాయట. కుంపటి మీద బుట్ట బోర్లించి బట్టలారేసే ఇల్లు ఒక్కటీ లేదు. వాన మోతలు నాకూ దూరమైపోతున్నాయి, ఈ మధ్య నేనూ “ఏటి?” అంటున్నాను. ఇంకేం వినడానికి అత్తా ఆ చువ్వలు, అని రూతు అడుగుతోంది. వినడానికే ఉండాలా? ఉంది. ఉంటుంది. నా తర్వాత కూడా ఉంటుంది, నిచ్చెన ఎవరు వేసినా కింద కూర్చోవడానికి నువ్వున్నావు.

ఇప్పటిదాకా రాసింది ఒకసారి చదువు రూతూ. ఈ కుడి చెవి వైపు రా, గట్టిగా చదువు. మీ తాత మాటలు వచ్చే చోట దగ్గు రాశావా? రాయకపోతే రాయి. అక్కడ ముందు దగ్గి, తర్వాత చదువు.