బంద్ రోజు వెనక తలుపు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. వయసు ఇరవై మూడు, ఉద్యోగానికి పది నెలలు, కొండాపూర్‌లో లేడీస్ హాస్టల్, హైటెక్ సిటీలో పక్కవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని. తప్పులు పట్టినందుకు జీతం ఇస్తుంటే మనిషికి కాస్త పొగరు రాక మానదు. ఆ పొగరు ఆఫీసులో ఖర్చు కాగా మిగిలింది వెళ్లబోసుకోవడానికి ఒక బ్లాగు పెట్టాను. అందులో మ్యూచువల్ ఫండ్ల గురించి రాసేదాన్ని (నా పేరున ఒక్కటీ లేదు). టీవీ వార్తల దిగజారుడు గురించి రాసేదాన్ని (హాస్టల్ టీవీ రిమోట్ వార్డెన్ చేతిలో ఉండేది, ఆవిడ సీరియళ్లు తప్ప ఏమీ పెట్టేది కాదు). మాదాపూర్ ట్రాఫిక్ గురించి, కొత్తగా తెరిచిన హోటళ్లలో బిర్యానీ గురించి, నగరం ఎటు పోతోందన్న దాని గురించి తీర్పులు చెప్పేదాన్ని. చదివేవాళ్లు పదకొండు మంది. అందులో ఒకరు నా రూమ్మేటు, ఆమె కూడా నేను పక్కన నిలబడితేనే చదివేది.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఎప్పుడు బంద్ పిలుపు వస్తుందో తెలిసేది కాదు. బంద్ అంటే మా ఆఫీసులో ముందు రోజు సాయంత్రం ఒక మెయిల్ వచ్చేది, రేపు రానక్కర్లేదు, బదులు శనివారం రండి అని. శనివారం పోయిన దుఃఖం ఒకటైతే, తిండి సంగతి ఇంకొకటి. మా హాస్టల్ వంటమనిషి లింగంపల్లి నుంచి బస్సులో రావాలి, బస్సులు తిరగవు, ఆమె రాదు. వార్డెన్ మాత్రం తన గదిలో తలుపేసుకుని ఏదో వండుకునేది. ఆ పోపు వాసన మెట్ల మీదుగా పైకొస్తుంటే మేం బిస్కెట్లు నములుతూ కూర్చునేవాళ్లం.

ఆ కష్టం నుంచి మమ్మల్ని గట్టెక్కించింది మేమంతా అక్క అని పిలిచే ఆవిడ. మెదక్ వైపు మనిషి, మా వీధి చివర చిన్న మెస్ నడిపేది. ఆమె సొంత తమ్ముడు ఉద్యమంలో తిరిగేవాడు, బంద్ వచ్చిందంటే బైకుల ముందు వరసలో అతనే ఉండేవాడు. అక్కకూ రాష్ట్రం రావాలనే ఉండేది. మెస్ గోడ మీద తెలంగాణ పటం అంటించుకుంది. ప్రతి బంద్‌కూ తమ్ముడు చెప్పకముందే షట్టర్ దించి తాళం వేసేది. కానీ ఆకలితో ఉన్న ఆడపిల్లలు గుర్తొస్తే ఆమెకు నిలవబుద్ధి కాదు. అందుకని వెనక సందులో ఉన్న వంటింటి తలుపు తీసి, తెలిసిన పదిమందికి మాత్రం గుట్టుగా అన్నం పెట్టేది. "ఎవ్వలకు చెప్పకుండ్రి బిడ్డా. మా తమ్ముని చెవుల వడ్డదంటే వాడు నలుగుట్ల తలెత్తుకోలేడు, నేను దుకాణం బంద్ వెట్టుకోవాలె" అని ప్రతిసారీ చెప్పేది. మేం ప్రతిసారీ తలూపేవాళ్లం.

తలూపిన నేనే రాశాను. ఒక బంద్ నాడు కడుపు నిండా తిని గదికొచ్చాను, ఆ సంతోషంలో, 'సైబరాబాద్‌లో బంద్ భోజనం, కొందరికే తెలిసిన రహస్యం' అని పెట్టి మొదలుపెడితే చెయ్యి ఆగలేదు. అక్క పేరు రాయలేదు, అదొక్కటే నా జాగ్రత్త. పేరు తప్ప అన్నీ రాశాను. ఫలానా టైలర్ షాపు పక్క సందు, నీళ్ల ట్యాంకు దాటాక ఆకుపచ్చ తలుపు, రెండుసార్లు తట్టాలి. పదకొండు మంది చదివితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ పదకొండు మందిలో ఒకడు దాన్ని తన ఆఫీసులో అందరికీ మెయిల్ చేశాడని, అది అక్కడి నుంచి గచ్చిబౌలి దాకా పాకిందని నాకు తర్వాతి బంద్ ఉదయం తెలిసింది. లేచి బ్లాగు తెరిచి చూస్తే ఎప్పుడూ లేనిది నలభై కామెంట్లు. అన్నిటిదీ ఒకే మాట, ఈరోజు అక్కడే కలుద్దాం.

వెంటనే పోస్టు తీసేశాను, కానీ మెయిళ్లలో తిరిగేదాన్ని ఎలా తియ్యను? రూమ్మేటును లేపాను. ఆమెది రాజోలు, పెద్దాసుపత్రిలో నర్సు, నాకంటే ఐదేళ్లు పెద్ద, మేమంతా సిస్టరమ్మ అనేవాళ్లం. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న మనిషి కళ్లు నులుముకుంటూ అంతా విని, "వెళ్లి ఆవిడకి చెప్పేయవే బాబూ, ముందు చెప్తే తలుపైనా వేసుకుంటారు కదా" అంది. సరైన మాటే. కానీ నాకు ధైర్యం చాలలేదు. ఎవరూ రారేమో, వచ్చినా నలుగురే వస్తారేమో అని గంటన్నర గదిలో అటూ ఇటూ తిరిగాను. ఆ గంటన్నర తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే చిరాకు.

పన్నెండింటికి సిస్టరమ్మను వెంటబెట్టుకుని వెళ్లేసరికి సందు నిండా జనం. మెడలో కంపెనీ ట్యాగులు కూడా తియ్యకుండా వచ్చారు (సెలవు రోజు ట్యాగు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు). టైలర్ షాపు దాకా క్యూ. ఒకతను పద్ధతిగా రెండుసార్లు తట్టి, తెరవకపోతే మళ్లీ రెండుసార్లు తడుతున్నాడు. తలుపు సందులోంచి అక్క ముఖం కనిపించింది. తెల్లగా పాలిపోయింది. నన్ను చూసి చెయ్యి పట్టి లోపలికి లాగింది.

"ఏందే ఇది? గింత మంది ఎవలు? ఎవలు చెప్పిండ్రు వీళ్లకు?"

"నాకేం తెలుసక్కా" అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. సిస్టరమ్మ నా వైపు ఒక చూపు చూసి తల దించుకుంది.

అంతలో బైకుల చప్పుడు, నినాదాలు. రోడ్డు మీద పోతున్న ఉద్యమం కుర్రాళ్లకు సందులో ఈ క్యూ కనపడింది. ఇరవై మంది దాకా ఉన్నారు. అందరికంటే ముందు గులాబీ కండువాతో అక్క తమ్ముడు. క్యూలో ఉన్నవాళ్లు గోడలకు అతుక్కుపోయారు. అతను ఆకుపచ్చ తలుపు ముందుకొచ్చి, లోపల అక్కనూ, పొయ్యి మీద అన్నం డేగిసానూ చూసి నిలబడిపోయాడు. కోపం కంటే సిగ్గు ఎక్కువ కనపడింది ఆ ముఖంలో. వెనకనుంచి ఎవడో, "ఏందన్నా, మంది దుకాణాలు బంద్ వెట్టిస్తివి, మీ ఇంట్ల దందా నడుస్తున్నదా?" అన్నాడు. ఆ మాటకు తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. నేనే రాశానని అప్పుడన్నా అరిచి చెప్పాలి. చెప్పకుండా సిస్టరమ్మ వెనక్కి జరిగాను.

అక్క ఒక్క నిమిషం తమ్ముణ్ని చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపింది. "దందా ఎవడన్నడ్రా? వంటావార్పు ఇది! రోడ్డు మీద వండి తినుడు నేర్పింది మీరు గాదా? గిన్నెలు బయటికి దియ్యుండ్రి, ఏం జూస్తుండ్రు?" అని గద్దించి డేగిసా ఒక చెవి తనే పట్టుకుంది. తమ్ముడికి ప్రాణం లేచొచ్చినట్టయింది, రెండో చెవి అతను పట్టాడు. పది నిమిషాల్లో అన్నం, పప్పు, పచ్చిపులుసు నడిరోడ్డు మీదికొచ్చాయి. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఉద్యమం కుర్రాళ్లు ఒక వరుస, ట్యాగుల వాళ్లు ఒక వరుస, ఎదురెదురుగా కూర్చున్నారు. ట్యాగుల వాళ్లలో సగం మంది కోస్తా నుంచీ సీమ నుంచీ వచ్చినవాళ్లే. కాసేపు ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. తర్వాత ఒక కుర్రాడు మా వరుసకు వడ్డిస్తూ, "జర మంచిగ తినన్నా, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆ అన్న గుంటూరు మనిషి. "కొంచెం చాలండీ" అంటూనే రెండుసార్లు పెట్టించుకున్నాడు.

అప్పుడు టీవీ వాళ్లొచ్చారు. కెమెరా వరుస వెంట నడుచుకుంటూ వచ్చి సరిగ్గా సిస్టరమ్మ ముందు ఆగింది. ఆమె ఎక్కడ తిన్నా ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంది, నడిరోడ్డయినా సరే. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆ చానల్ ఆమె ముఖాన్నే చూపించింది, కింద 'ఉద్యమ విజయం కోసం ఐటీ ఉద్యోగిని కన్నీటి ప్రార్థన' అని వేసి. కన్నీళ్లు నైట్ డ్యూటీ చేసి నిద్ర చాలని కళ్లవి. పక్కన నోటినిండా అన్నంతో నేను.

నాలుగింటికి కడప నుంచి నాన్న ఫోను. రాష్ట్రం విడిపోకూడదని రోజూ వీధి అరుగు మీద వాదించే మనిషి. ఇక నా పని అయిపోయిందనుకుంటూ ఎత్తాను.

"ఏం మ్మే, టీవీలో కనపడితివే. రోడ్డు మీద కూచోని తింటాండావు? హాస్టల్లో కూడు పెట్టడం ల్యా?"

"పెడతారు నాన్నా, ఈరోజు బంద్ కదా..."

"బక్కగైపోయినావు. ఎవురు పెడితిరోగానీ, పెట్టిన తల్లి సల్లగుండాల" అని పెట్టేశాడు.

ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు. మొహం కడుక్కుని అక్క దగ్గరికి వెళ్లాను. ఒక్కతే కూర్చుని గిన్నెలు తోముతోంది. నిలబడే చెప్పేశాను, ఇంటర్నెట్‌లో రాసింది నేనేనని, తెలియదన్నది అబద్ధమని. ఆమె చెయ్యి ఆగింది. "మా తమ్ముడు ఇయ్యాల ఏడ్చిండు, జూసినవా?" అంది. చూశానన్నాను. ఆమె ఒక కంచం అందుకుని తోముతూ, "ఏం రాసినవ్? సదువు" అంది.

రాసిన మర్నాడు ఆఫీసులో మురిపెంగా అచ్చు తీసుకున్న కాగితం జేబులోంచి తీసి చదివాను. అక్క చెయ్యి చల్లనిదని రాసిన దగ్గర ఆమె పెదవి కదిలింది. చివరికొచ్చాక నేను ఆగిపోయాను. చదువు అంది. తప్పలేదు. 'రుచి: పదికి ఆరు. పులుసు సరిగా మరగనివ్వలేదు.'

అక్క కంచం కింద పెట్టింది. "పచ్చిపులుసును ఎవలన్న మసలవెడ్తరానే? దాని పేరే పచ్చిపులుసు గదనే! ఆరు మార్కుల కూడుకు నువ్వు ప్రతి బంద్‌కు రెండు పూటలెందుకొస్తున్నవ్?" ఇందాక తమ్ముడి గురించి అన్నప్పుడు కూడా ఆమె గొంతు అంత లేవలేదు. మా సీమలో చారంటే మరిగి తీరాలక్కా, నాకు తెలియదక్కా అని ఎంత మొత్తుకున్నా వినలేదు. తెలియకపోతే అడగాలె గాని రాస్తరా అంది.

తర్వాతి బంద్‌కు నేను వెళ్లలేదు. ఏ ముఖంతో వెళ్లను? పన్నెండున్నరకు సిస్టరమ్మ వచ్చి, "నిన్ను రమ్మంటున్నారే ఆవిడ" అంది. భయపడుతూనే వెళ్తే, అక్క ఆకుపచ్చ తలుపు బయట ఒక స్టూలు వేసి నన్ను కూర్చోమంది. లోపల ఆ పదిమందికే వంట, పాత మెయిలు పట్టుకుని ఇంకెవరైనా వస్తే వెనక్కి పంపడం నా పని. కాసేపటికి ట్యాగు వేసుకున్న అబ్బాయి ఒకడు రానే వచ్చాడు.

"ఇక్కడ భోజనం దొరుకుతుందని బ్లాగులో రాశారండీ."

"అలాంటివన్నీ నమ్మకండి" అన్నాను. "రాసేవాళ్లకి ఏమీ తెలీదు."

అతను పాపం నిరాశగా వెళ్లిపోయాడు. లోపల్నుంచి అక్క నవ్వు వినిపించింది, వెంటనే నా పళ్లెం వచ్చింది. బ్లాగు నడిచిన రెండేళ్లలో నేను రాసిన, చెప్పిన తీర్పులన్నిటిలో, ఇవాళ నేను ధైర్యంగా సంతకం పెట్టగలిగిన మాట ఆ స్టూలు మీద చెప్పిందొక్కటే.