తాతయ్య విజిల్ అమ్మమ్మ ఊదింది

ఈ రోజు పర్చూరులో మా తాతయ్య సంవత్సరీకం. ఇంకా నవ్వు ఆగట్లేదు, అందుకే రాస్తున్నా.

తాతయ్య మిలిటరీలో సుబేదారుగా చేసి వచ్చిన మనిషి. రిటైరయ్యాక ఊళ్లో ఎవరింట భోజనాలున్నా, పిలిచినా పిలవకపోయినా, మెడలో విజిల్ వేసుకుని బంతులు నడిపించడానికి వెళ్లేవారు. తినేవాళ్ల కుర్చీల వెనక నిలబడి ఎప్పుడు లేస్తారా అని చూసేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. విజిల్ వేసి అందరినీ గేటు దగ్గర లైన్లో పెట్టేవారు. ఆఖరి బంతిలో తాను తిని, అమ్మమ్మకి ఆకులో బూరెలు చుట్టించుకుని వచ్చేవారు. విజిల్ మాత్రం అమ్మమ్మని కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు.

మరి ఈ రోజు ఆయన భోజనాల్లోనే రెండో బంతి వాళ్లు కుర్చీల వెనక చేరిపోయారు. మావయ్య బతిమాలినా ఒక్కరూ కదల్లేదు. అమ్మమ్మ తిన్నగా వెళ్లి, తాతయ్య ఫొటోకి వేలాడుతున్న విజిల్ తీసి, బుగ్గలు పూరించి ఊదింది.

అంతే! ఊరి పెద్దలు, చుట్టాలు, చివరికి పప్పు బకెట్ పట్టుకున్న మావయ్య కూడా పరిగెత్తి గేటు దగ్గర లైన్ కట్టారు.

"అమ్మో, సుబేదారు గారే లేచొచ్చారనుకున్నా పిన్నిగారూ!" అన్నాడు మిర్చి కొట్టు సుబ్బారావు, గుండె పట్టుకుని.

"ఆయన లేకపోతే నేను లేనా? వెనక్కి జరుగు!" అంది అమ్మమ్మ.

సాయంత్రం విజిల్ మళ్లీ ఫొటోకి తగిలిద్దామంటే ఇవ్వలేదు. కొంగున ముడేసుకుంది. వచ్చే వారం పక్కింట్లో పెళ్లి. కుర్చీల వెనక నిలబడే అలవాటున్నవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే కామెంట్లో చేతులెత్తండి, ముందే చెప్తున్నా.