టర్బోకు బొట్టు, వాల్వుకు తీగ

తెలంగాణ వచ్చిన కొత్తలో మా బామ్మర్ది బోరు లారీ కొన్నాడు. దాని కంప్రెసర్ ఇంజనుకు టర్బో ఉందని, ఆ టర్బోను తానే కన్నట్టు ఊరూరా చెప్పుకున్నాడు. అది ఈల వేస్తే నల్లమలలో పులులు లేచి నిలబడతాయట. ఆ పులులను ముందు పుట్టించింది నేను. అబద్ధం కూడా సొంతంగా ఆడలేని మనిషి!

దసరాకు టర్బోకు పసుపు, బొట్టు, నిమ్మకాయల దండ. గాలి ట్యాంకు మీది సేఫ్టీ వాల్వుకు మసిగుడ్డతో తుడుపు కూడా దక్కేది కాదు. ఇంజను వదిలేసిన పొగతో తిరుగుతూ దానికే ఇంకింత గాలి కుక్కడం టర్బో పని. ట్యాంకులో గాలి హద్దు దాటితే నోరు తెరిచి బయటికి వదలడం వాల్వు పని. ఒకటి ఇంకా అంటుంది, రెండోది చాలు అంటుంది. చాలు అనే మాట వాళ్లింట్లో ఎవరికీ రాదు. మా ఆవిడ ఇది చదవకుంటే మంచిది.

ఆ ఎండాకాలం దేవరకొండ దగ్గర నా బత్తాయి తోట ఎండిపోతోంది. కొత్త బోరులో నీళ్లు పడకుంటే చెట్లన్నీ పొయ్యిలోకే. చుట్టరికం కాబట్టి వాడినే పిలవాల్సి వచ్చింది.

బోరు వేస్తుంటే గట్టి రాయి తగిలింది; వాడు ఇంజను ఇంకా పెంచాడు. వాల్వు బుస్సుమంటూ గాలి వదలసాగింది.

"చూసినవా బావా, టర్బో కష్టపడి తెస్తాంది, గీ దొంగది బయట పారేస్తాంది!"

"పారేస్తలేదురా, ఎక్కువైందని చెప్తాంది. జర ఇంజను తగ్గియ్యి."

"నువ్వు పులుల కథలు చెప్పుకో. మిషిన్ల ఫికర్ నీకెందుకు?" అంటూ వాల్వును ఇనుప తీగతో బిగించి కట్టేశాడు.

కాసేపటికి బోరులోంచి దుమ్ము తడిసి వచ్చింది, అంటే నీళ్లు దగ్గర్లోనే ఉన్నట్టు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే గాలి గొట్టం ఫట్టున పగిలి, తోక తొక్కిన తాచులా ఎగిరెగిరి కొట్టింది. మా బామ్మర్ది నకిరేకల్ దాకా ఆగకుండా ఉరికాడని నేనిప్పటికీ చెబుతాను. నిజానికి పక్క చెలక దాకే. గాలి ఆగగానే రాతిపొడి బోరులోకి జారి, అడుగున రాయి కొట్టే సుత్తెను, దాని రాడ్లను పట్టేసింది. ఎంత లాగినా రాలేదు. తడి తగిలిన నా బోరు ఇనుముతో మూసుకుపోయింది.

వాడు తిరిగొచ్చి నేరుగా ఇంజను దగ్గరికే పోయాడు. "టర్బోకైతే ఏం కాలే బావా!" అన్నాడు మురిసిపోతూ.

మా ఆవిడను గొడ్డలి తెమ్మన్నాను.

"ఎవలికి?" అంది, తమ్ముడి వైపు చూస్తూ.

"చెట్లకే" అన్నాను.