నలభయ్యో రోజు లెక్క

పోయినవి ముందు రాస్తాను. రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి. అందులో నూట నలభై ఆరు పేజీలు నిండి ఉన్నాయి. లెక్కలు మూడు వందల పన్నెండు, వాటిలో జవాబు తేలనివి తొమ్మిది. రెండున్నరేళ్ల రాకపోకలు. తొమ్మిది మంది స్నేహం. గడియారాలు బాగుచేసే ఒక మనిషికి మా మీద ఉన్న నమ్మకం. ఈ చివరిదాన్ని ఏ అంకెలో రాయాలో నాకు తెలియదు.

డెబ్బయ్యో దశకం చివరి సంవత్సరాలు. నంద్యాలలో ఒక నూనె మిల్లులో కాటా రాసే పని నాది. ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు మాత్రం నన్ను వదల్లేదు. నాలాగే లెక్కల పిచ్చి ఉన్నవాళ్లు ఒక్కొక్కరే పరిచయమై తొమ్మిది మందిమి అయ్యాం. నంద్యాలలో అయిదుగురం, బండి ఆత్మకూరులో ఒక రైతు, ఆళ్లగడ్డలో గడియారాల భాయ్, అహోబిలంలో గుడి సేవ చేసే ఒక పెద్దాయన, రుద్రవరంలో ఒకాయన. అందరం ఒక్కచోట కూర్చున్నది ఎన్నడూ లేదు. నోటుపుస్తకం గుడ్డసంచిలో పెట్టి బస్సు కండక్టరు చేతికిచ్చేవాళ్లం. ఒక్కొక్కరి దగ్గర నాలుగు రోజులు. ఒకరు లెక్క వేస్తే, మిగిలినవాళ్లు జవాబు, పద్ధతి కింద రాసేవారు. చాలామందికి ఒకరి ముఖం ఒకరికి తెలియదు, చేతిరాత మాత్రమే తెలుసు.

ముఖం కనపడకపోతే నోరు పెద్దదవుతుంది. మొదటి ఆరు నెలల్లోనే ఆ సంగతి అర్థమైంది. మనిషి ఎదుట అనలేని మాట కాగితం మీద సులువుగా వచ్చేస్తుంది. అందుకని మొదటి పేజీలో నేనే కట్టుబాట్లు రాశాను. ఎవరి జవాబైనా తప్పనిపిస్తే మాట రాయకూడదు, మార్జిన్‌లో ఒక చుక్క పెట్టాలి, అంతే. రాసినవాడు మళ్లీ చూసుకుని, తప్పైతే ఆ చుక్క చుట్టూ సున్నా చుడతాడు. కాదనుకుంటే ఎందుకు కాదో కింద రాస్తాడు. ఎవరైనా నోరు జారితే, సంచి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ మాట మీద కాగితం ముక్క అంటించేస్తాను. మైదా ఉడకబెట్టిన బంకతో అలా పదకొండుసార్లు అంటించాను. నాలుగు ముక్కలు బడిపంతులు గారి మాటల మీదే. ఆయన నంద్యాల సభ్యుడే, లెక్కలో దిట్ట, నాలుక కత్తి.

ఒకసారి నేనొక లెక్క వేశాను. ఒక మనిషి గురువారం పొద్దుగూకినాక పాణ్యంలో బయల్దేరాడు, ఆ రోజు ఒకటిగా పెట్టుకుంటే నలభయ్యో రోజు ఏ వారం? చిన్న లెక్క. ముప్పై ఆరో రోజు మళ్లీ గురువారం, నలభయ్యోది సోమవారం. పొద్దుగూకినాక అన్న మాట లెక్కకు అక్కర్లేదు, కథలా ఉంటుందని పెట్టాను. అందరూ సోమవారమే రాశారు. భాయ్ మాత్రం మంగళవారం అని రాసి, కింద ఒక వాక్యం చేర్చాడు: "ఈ మధ్యనే మా ఇంట్లో ఇట్లే లెక్కపెట్టినాము."

దాని పక్కన చుక్క పెట్టి ఊరుకోవాల్సింది. పంతులు గారు చుక్క పెట్టలేదు. "వారానికి రోజులు ఏడని సాయిబుకు ఎవరైనా చెప్పండప్పా" అని రాశారు. సంచి నా దగ్గరికి వచ్చింది. బంక గిన్నె కిటికీలోనే ఉంది. నేను నవ్వుకున్నాను. నవ్వుకుని, కింద నా రాతతో, "ఆళ్లగడ్డలో గడియారం రిపేరుకు ఇచ్చేవాళ్లు ముందు కేలెండరు చూసుకోండి" అని రాశాను.

ఎందుకు రాశానో దాచను. రెండు నెలల ముందు నా వడ్డీ లెక్క పక్కన భాయ్ చుక్క పెట్టాడు. అతనిదే ఒప్పు. నేను సున్నా చుట్టాను గానీ, ఆ సున్నా కాగితం చిరిగేంత గట్టిగా చుట్టాను.

సంచి తొమ్మిది ఇళ్లూ తిరిగి వచ్చింది. భాయ్ ఆ చుట్టులో ఒక్క అక్షరం రాయలేదు. కొన్నాళ్లకు అహోబిలం పెద్దాయన కళ్లద్దాలకని నంద్యాల వచ్చి, మిల్లుకు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కాటా పక్కన బస్తా మీద కూర్చున్నాడు.

"ఏం నాయనా, రోజు యాడ మొదలైతాది?"

"అర్ధరాత్రి పన్నెండుకు, సామీ."

"అది గడియారానికి. నాకు పొద్దు పొడిస్తేనే రోజు. పంచాంగం అట్లే చెప్తాది. మరి ఆళ్లగడ్డ ఆయప్పకు?"

నేను కాటా పుస్తకం మూశాను.

"వాళ్లకు పొద్దుగూకితే రేపు వచ్చినట్టే. నువ్వు పొద్దుగూకినాక అని రాసినావు. అప్పటికే వాళ్లకు శుక్రవారం. శుక్రవారం నుంచి లెక్కపెట్టు."

వేళ్ల మీద లెక్కపెట్టాను. మంగళవారం.

"ఇంగొకటి. ఆయప్ప తల్లి పోయి మూడు నెలలు కాలేదు. నలభయ్యో రోజు చేస్తారు వాళ్లు. ఇంట్లో లెక్కపెట్టినామని రాసింది అదే. మీరు ఎగతాళి చేస్తాండారు, చదువుకున్నోళ్లు."

ఆ ఆదివారమే ఆళ్లగడ్డ బస్సెక్కాను. భాయ్‌ని చూడటం అదే మొదలు. నాకంటే చిన్నవాడు. బజారులో తలుపంత వెడల్పు అంగడి. నేను ఫలానా అని చెప్పుకునేలోపే, దారిన పోతున్న ఒకతను నిలబడి, "ఏం భాయ్, ఈ పొద్దు ఏ వారం?" అని అడిగి నవ్వుకుంటూ పోయాడు. నా మాట కండక్టర్ల నోట పడి నాకంటే ముందే ఆ ఊరు చేరిందని అప్పుడు తెలిసింది.

"దినామూ అడుగుతాండారు" అన్నాడు భాయ్, చేతిలో గడియారం దించకుండా. "కూచో అన్నా. నువ్వేనా నంద్యాల కాటా అన్న? నీ రాత చూసి ముసలాయప్ప అనుకుంటి."

"తప్పు నాది భాయ్. నీ లెక్కే ఒప్పు. లెక్క వేసినోన్ని నేనే, నాకే తెలీలేదు. అమ్మ సంగతి కూడా తెలీదు."

అతను భూతద్దం కంటి నుంచి తీశాడు. "నా ముందర చెప్తే ఏమొస్తాది? నాకు తెలుసు కదా నాది ఒప్పని. రాసింది యాడ? బుక్కులో. చెప్పేది కూడా బుక్కులోనే చెప్పన్నా. చదివినోళ్లంతా చదవాల. అప్పుడు సంచి పంపీ, నేను రాస్తా."

"రాస్తా" అన్నాను. టీ తెప్పించాడు, తాగాను. తిరుగు బస్సులో వాక్యం కూడా కూర్చుకున్నాను.

కానీ రాయలేదు. అప్పుడు సంచి పంతులు గారి దగ్గర ఉంది. తెప్పించుకోవడం ఒక్క పూట పని. రాస్తే పంతులు గారు నవ్వుతారని ఈ వారం కాదు వచ్చే వారం అనుకున్నాను. అలా పదిహేడు వారాలు. ఈలోపు భాయ్ రాయట్లేదని పెద్దాయన తనకూ సంచి పంపొద్దన్నాడు, ఆయన మానుకున్నాడని రుద్రవరం ఆయన మానుకున్నాడు. సంచి పంతులు గారింటి నుంచి కదలనే లేదు. చివరికి పంతులు గారింటికి వెళ్లాను.

"ఏమప్పా, ఇన్నాళ్లకు గుర్తొచ్చెనా? ఇంట్లోవాళ్లు సున్నం కొట్టించి పాత కాగితాలు అమ్మేసినారు. దాంట్లో పోయినట్టుంది" అన్నారు.

అంగళ్లన్నీ తిరిగాను. శనగపప్పు పొట్లాలు విప్పి చూశాను. ఒక్క పేజీ దొరకలేదు.

ఇక మిగిలింది మనుషులు. తొమ్మిదిలో భాయ్‌ని, నన్ను తీసేస్తే ఏడుగురు. ఒక్కొక్కరికీ నా నోటితో, కాకుంటే ఉత్తరంలో, భాయ్ జవాబే ఒప్పని, నేను రాసింది నీచమని చెప్పాలనుకున్నాను. పంతులు గారికి మొదట చెప్పాను. ఆయన నవ్వలేదు. "నా పేరు కూడా కలిపి చెప్పప్పా" అన్నారు. పెద్దాయనకు తెలిసినా వెళ్లి చెప్పాను. బండి ఆత్మకూరు రైతుకు కళ్లంలో చెప్పాను. నంద్యాలలో మరో ఇద్దరికి చెప్పాను. ఆ తర్వాత ఆళ్లగడ్డ వెళ్లి భాయ్‌కి ఎంతమందికి చెప్పానో చెప్పాను. అతను ఊ కొట్టి, ఒక గిరాకీ గడియారానికి కీ ఇవ్వసాగాడు. మిగిలినవాళ్ల సంగతి అడగలేదు.

రుద్రవరం ఆయన కుటుంబంతో ఊరు వదిలి వెళ్లాడు. యాడికి పోయినారో తెలీదని ఇరుగుపొరుగు అన్నారు. నేను రాసిన కార్డు తిరిగి వచ్చింది. నంద్యాలలో మిగిలిన ఒక్కాయన, నేను పదిహేడు వారాలు వాయిదా వేస్తున్నప్పుడే, పదమూడో వారంలో చనిపోయాడు. భాయ్‌కి వారాలు తెలియవనే అనుకుని పోయాడు. చనిపోయినవాడిని లెక్కలోంచి తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను. తీసేసే హక్కు నాది కాదు. ఏడుగురిలో అయిదుగురు పోగా, బాకీ ఇద్దరు.