కామేశ్వరిగారు కొట్టేసిన పేజీలు

పాత కేసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం, ఒకసారి వచ్చి వినండి అని రాజమండ్రిలోని ఒక లైబ్రరీవాళ్లు పిలిస్తే పోయినవారం వెళ్లాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే ముందు సముద్రపు గాలి హోరు, ఎక్కడో కోడి కూత, ఆ తర్వాత నాకు బాగా తెలిసిన గొంతు. స్వాహిలీలో ఏదో నిదానంగా చదువుతోంది. మధ్యలో ఒక ముసలామె అడ్డుపడింది. చదువు ఆగింది. కాగితం మీద కలం గీసిన చప్పుడు. ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. అయినా అక్కడ ఏం జరిగిందో పూర్తిగా అర్థమైంది. ఆ గీత గీసింది నా గురువు కామేశ్వరిగారు. ఆమె పోయి మూడు నెలలైంది.

మా యూనివర్సిటీలో ఆమె ఆఫ్రికా సామాజిక చరిత్ర చెప్పేవారు. తూర్పు ఆఫ్రికా తీరంలో చేపలమ్ముకునే ఆడవాళ్ల జీవితాలు ఆమె పరిశోధన. గోదావరి ఒడ్డున పుట్టి అంత దూరం ఎందుకండీ అని తోటి అధ్యాపకులు ఎగతాళి చేసేవారు. ఆమెది రాజమండ్రిలో తాళ్లూ వలలూ అమ్మిన కుటుంబం. ఒకసారి స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పారు. "వలలు కొనడానికొచ్చిన ఆడవాళ్లని మా అరుగెక్కనిచ్చేవాళ్లం కాదండీ. అక్కడ అలాంటి ఆడవాళ్లే నాకు చాప వేశారు." ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

ఆమె పని చేసే పద్ధతి ఒకటుండేది. ఎవరి మాటలు రాసుకున్నా, మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లి రాసింది చదివి వినిపించాలి. వాళ్లు తీసేయమన్నది అక్కడికక్కడే, వాళ్ల కళ్లముందే కొట్టేయాలి. కేసెట్‌లో నేను విన్నది అదే. ఆ ముసలామె తన అమ్మమ్మ గురించి చెప్పిందంతా తీసేయమందట. కామేశ్వరిగారు రాస్తున్న పుస్తకానికి అదే ప్రాణమైన అధ్యాయం. అయినా కొట్టేశారు. అది లేని పుస్తకాన్ని ఎవరూ అచ్చు వేయలేదు. ఆమెకన్నా వెనక చేరినవాళ్లు ప్రొఫెసర్లయ్యారు.

అప్పట్లో అది నాకు శుద్ధ తెలివితక్కువతనంగా కనిపించేది. చేతిలోంచి విబూది రాల్చే బాబాల గుట్టు వీధి సభల్లో బయటపెడుతూ పెరిగినవాణ్ణి నేను. దాచిన ప్రతి నిజమూ మోసగాడికే పనికొస్తుందని ఆమెతో గంటలకొద్దీ వాదించేవాణ్ణి. ఆమె ఫ్లాస్కులోంచి టీ పోస్తూ వినేవారు. నా వాదం అయ్యాక, "చల్లారిపోతోంది, తాగవయ్యా" అనేవారు.

నేను ఆమె దగ్గర పరిశోధన మొదలుపెట్టాక, మన తీరంలోని మత్స్యకార స్త్రీల మీద ఆమె కొత్త పుస్తకం తలపెట్టారు. ఆఫ్రికాలో విన్న జీవితాల పక్కన ఇక్కడి జీవితాలను పెట్టి చూడాలని ఆశ. ఒక పల్లెలో చేపలమ్మే ఒకామె మాకు తన కథంతా చెప్పింది. చదివి వినిపించినప్పుడు ఒక సంగతి తీసేయమంది. అదేమిటో ఇప్పుడు రాయను. మంత్రగాళ్ల మీద నా కోపానికి అంతకు మించిన రుజువు దొరకదని మాత్రం చెప్పగలను. కామేశ్వరిగారు కొట్టేశారు. నేను దాన్ని ఒక పత్రికకు వ్యాసంగా రాసి పంపాను.

పేరు రాయలేదు, ఊరు రాయలేదు. కానీ ఆమె మాటతీరు బాగా పట్టుకున్నానన్న గర్వంతో, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె వాడే ఊతపదాన్ని ఉన్నదున్నట్టు దించాను. బేరమాడిన ప్రతివాళ్లూ ఆమె నోట విన్న ఊతపదమది. నెల తిరక్కుండా కూతురి అత్తవారు ఆమెను తమ గుమ్మం తొక్కొద్దన్నారు.

ఈ కబురు తెలిసిన రోజు కామేశ్వరిగారు నన్ను తిట్టలేదు. మర్నాడు ఉదయం బస్సుకు రమ్మన్నారు, పత్రిక తెమ్మన్నారు. పల్లెలో ఆ చేపలామె ఇంటి ముందు కూర్చోబెట్టి, "రాసింది చదివి వినిపించాలి కదా. చదువు" అన్నారు. చదివాను. ఆమె ఎండు చేపలు వేరుచేస్తూనే మొత్తం వింది.

"అన్నీ నేనన్నయ్యే బాబూ" అంది. తర్వాత నా వైపు కాక కామేశ్వరిగారి వైపు తిరిగింది. "మీరు కొట్టేశారు కదాని నిశ్చింతగా ఉన్నానండి అమ్మగారూ."

తిరుగు బస్సు భీమవరం చేరింది. ఇక ఉండబట్టలేక, "అది నిజం కాదా మేడం?" అన్నాను.

"నిజమే. నీది కాదు" అన్నారామె.

తన పర్యవేక్షణలో మాట తప్పడం జరిగిందని యూనివర్సిటీకి రాసిచ్చి, ఆమె ఆ పని ఆపేశారు. నా పేరు ఎక్కడా పెట్టలేదు. నా థీసిస్ మాత్రం కామా కామా దిద్ది పూర్తి చేయించారు. కానీ ఇంకెప్పుడూ నన్ను వెంటబెట్టుకుని ఏ ఇంటికీ వెళ్లలేదు. ఆ రెండో పుస్తకమూ రాలేదు. ఆఖరి రోజుల్లో చూడటానికి వెళ్తే, "ఆవిడ దగ్గరికి మళ్లీ వెళ్లావా?" అని అడిగారు. వెళ్లలేదు. అబద్ధం చెబుదామనుకుని, చెప్పలేక తల దించుకున్నాను. ఆమె అటు తిరిగి పడుకున్నారు.

తర్వాత ఆ పల్లెకు వెళ్లాను. ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారు. ఆమె ఎటు వెళ్లిందో వాళ్లకు తెలియదు.

మంత్రగాళ్ల మీద నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు, మారదు. వాళ్ల మీద నా యుద్ధానికి ఆయుధం కావాలని ఒక తల్లి గుండెలోంచి పెరుక్కున్నాను. ఆ పని చేసిన చేత్తోనే ఇదీ రాస్తున్నాను.

రాయడం పూర్తయ్యాక కడియంలో ఉండే కామేశ్వరిగారి చెల్లెలి దగ్గరికి పట్టుకెళ్లాను. బయట లారీలోకి మొక్కలెక్కిస్తున్నారు. ఆ కేకల మధ్య గొంతు పెంచి మొత్తం చదివి వినిపించాను. ఒకచోట ఆవిడ చెయ్యెత్తారు.

"ఇది వద్దండీ. అక్క ఒప్పుకోదు."

వాదం నోటిదాకా వచ్చింది. ఆ పేరా లేకపోతే ఆమె ఎంత పెద్ద మనిషో చదివేవాళ్లకు తెలియదు. ఇందులో నేను రాసిన మంచి పేరా కూడా అదే. పెన్ను తీసి, ఆవిడ చూస్తుండగా కొట్టేశాను.